గీత సూటిగానే ఉంది, కుట్టు ఎందుకు వంకరపోయింది? ఒక చీరల బొంత కేస్ స్టడీ

మిషన్ మీద బొంత కుట్టడం కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నన్ను ముందుగా అడిగేది గీతలు దేనితో గీయాలని. చాకా, సబ్బు ముక్కా, నీళ్లకు పోయే పెన్నా, టేపా అని. గళ్లు వంకరపోవడానికి గీసిన గీత కారణం కావడం నేను చాలా తక్కువగా చూశాను. గీత సూటిగానే ఉంటుంది, సూది కూడా దాని మీదే నడుస్తుంది. అయినా కుట్టు పూర్తయ్యేసరికి గడి గడిలా ఉండదు. గీసినప్పుడు ఉన్న చోట కుట్టేటప్పుడు బట్ట ఉండకపోవడమే అసలు గొడవ. ఈ కేసులో ఆ సంగతి చాలా స్పష్టంగా బయటపడింది. కాబట్టి కొలతలతో సహా మొత్తం రాస్తున్నాను.

బొంత వచ్చినప్పుడు ఎలా ఉంది

హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం చేసే ఒకావిడ వాళ్లమ్మగారి పాత నూలు చీరలతో సింగిల్ మంచానికి సరిపడే బొంత మొదలుపెట్టారు. పైబట్ట మధ్యలో మెరూన్, ఆవరంగు గళ్ల నారాయణపేట చీర ముక్క. దాని చుట్టూ ముదురు నీలం మంగళగిరి చీర. అడుగుబట్టకు ఇంకో మంగళగిరి చీర. లోపల మెత్తటి పాలిస్టర్ షీట్. చీరలో నేసిన గళ్ల దిశలోనే, నిలువుగా, అడ్డంగా రెండంగుళాలకో గీత చొప్పున, ఇంట్లో ఉన్న మిషన్ మీద కుట్టుకుంటూ వచ్చారు. నిలువు గీతలు సగానికి పైగా అయ్యాయి. అడ్డ గీతలు నాలుగైదు పడ్డాక ఆపేశారు.

"అక్కా, ప్రతి గీతా స్కేలు పెట్టే గీశాను. టేపుతో కొలుచుకున్నాను కూడా. ఎందుకిలా వంగిపోయిందో అర్థం కావట్లేదు. ఈ చీరలు మళ్లీ దొరికేవి కావు, అదే టెన్షన్," అన్నారు.

బల్ల మీద పరిచి చూశాను. ఇలాంటి బొంత వస్తే నేను ముందు కొలవను. దీపం ఒక పక్క నుంచి పడేలా పెట్టి, వంగి, బట్ట మట్టానికి కళ్లు తెచ్చి చూస్తాను. పై నుంచి చూస్తే కనిపించని ముడతలన్నీ అప్పుడు నీడలతో లేస్తాయి. ఇక్కడ గీతకూ గీతకూ మధ్య ఏటవాలు ముడతలు కనిపించాయి. ఒక వరుసలో అవి ఎడమకు వాలితే, పక్క వరుసలో కుడికి వాలాయి, ఆ పై వరుసలో మళ్లీ ఎడమకు. ఇది ఒక్కటి చూస్తే చాలు, ఆవిడ ఎలా కుట్టారో తెలిసిపోతుంది. ఒక గీత పై నుంచి కిందికి కుట్టి, అక్కడే బట్ట తిప్పి, తర్వాతి గీత కింది నుంచి పైకి కుట్టారు.

తర్వాత టేపు తీశాను. మొదటి గీత నుంచి పదో గీతకు 18 అంగుళాలు ఉండాలి. పై అంచు దగ్గర సరిగ్గా 18 ఉంది. నడుమ 18 ముప్పావు. కింద 18 పావు. అంటే గీతలు పొట్ట తెచ్చుకుంటూ పోయాయి. ప్రతి గీత చివరా పైబట్ట అడుగుబట్టను దాటి బయటికి వచ్చింది. అడ్డ గీతలు నిలువు గీతలను దాటే చోట చిన్న చిన్న మడతలు పడి, వాటి మీదే కుట్టు పోయింది. బొంత తిరగేస్తే అడుగుబట్టలోనూ అవే మడతలు.

మూడు కారణాలు, మూడూ వేరు

మొదటిది పొరలు జారడం. మామూలు మిషన్‌లో బట్టను ముందుకు నడిపేవి సూది పలక కింద నుంచి పైకి లేచే పళ్లు. అవి పట్టుకునేది అడుగుబట్టను మాత్రమే. పైన ఉన్న ఫుట్ నునుపుగా ఉంటుంది, బట్టను నొక్కి పట్టడం తప్ప నడపదు. రెండు పొరల జాకెట్టు గుడ్డకు ఈ తేడా తెలియదు. మధ్యలో మెత్తటి షీట్ ఉంటే మాత్రం పైపొర వెనకబడుతూ ఫుట్ ముందు అలలా లేస్తుంది. అలా లేచిన బట్ట గీత పొడవునా ముందుకు తోసుకుంటూ పోయి, అడ్డంగా ఇంకో కుట్టు తగిలిన చోట ఇక పోయే దారి లేక మడతపడుతుంది. క్రాసింగుల దగ్గర మడతలు అందుకే.

రెండోది కుట్టే దిశ. ప్రతి గీతా పైబట్టను తను పోయే వైపుకు కొద్దిగా తోస్తుంది. ఒక గీత కిందికి తోసి, పక్క గీత పైకి తోస్తే మధ్యలో చిక్కిన రెండంగుళాల బట్ట మెలితిరుగుతుంది. ఏటవాలు ముడతలు అక్కడివే.

మూడోది కొలతను గొలుసుగా పట్టుకుపోవడం. మొదటి గీత చూసి రెండోది, రెండోది చూసి మూడోది. ఫుట్‌కు బిగించే గైడ్ కడ్డీని ముందు కుట్టిన గీత మీద నడుపుతూ కుట్టినా, స్కేలుతో పక్క గీత నుంచి గీసినా జరిగేది ఇదే. ఒక గీతలో పడిన మిల్లీమీటరు తప్పు తర్వాతి గీతకు ఆస్తిగా వెళ్తుంది. పదో గీతకు అది ముప్పావు అంగుళం అయిందంటే ఆశ్చర్యం లేదు.

ఇవి మాటలతో చెబితే ఎవరికీ నమ్మకం కుదరదు. అందుకని చీరలో మిగిలిన ముక్క నుంచి రెండంగుళాల వెడల్పు, 20 అంగుళాల పొడవున్న పట్టీలు కోశాను. రెండు పట్టీలు పైనా కిందా, మధ్యలో ఆవిడ వాడిన పాలిస్టర్ షీట్. పిన్నీసులేవీ లేకుండా మామూలు ఫుట్‌తో ఆవిడనే కుట్టమన్నాను. చివరికొచ్చేసరికి పై పట్టీ కింది పట్టీని దాటి సెంటీమీటరుకు పైగా ముందుకొచ్చింది. అదే మిషన్‌కు వాకింగ్ ఫుట్ బిగించి అలాంటి ఇంకో జత కుట్టమన్నాను. దీనికి సొంత పళ్లుంటాయి. పక్కన ఉన్న చేయి సూది బిగించే మరమీద కూర్చుని, సూది పైకి లేచినప్పుడల్లా ఆ పళ్లను ముందుకు నడుపుతుంది, దాంతో పైబట్ట కూడా అడుగుబట్టతో సమానంగా కదులుతుంది. ఈసారి రెండు పట్టీల చివరలూ దాదాపు కలిశాయి. ఆవిడ రెండు జతలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. 20 అంగుళాల గీతలోనే సెంటీమీటరు తేడా వస్తే 90 అంగుళాల గీతలో ఎంత వస్తుందో ఆవిడే లెక్క వేసుకున్నారు.

విప్పడం

సరిచేయడం కుదరదు, పూర్తిగా విప్పి మళ్లీ కుట్టాలని చెప్పాను. పాత చీర కుట్టు విప్పేటప్పుడు దారం పట్టుకుని లాగకూడదు. చివికిన పోగు దారంతో పాటే వచ్చేస్తుంది. అడుగు వైపు నుంచి ప్రతి నాలుగో కుట్టును రిప్పర్‌తో తెంపితే పైదారం ఒకే పోగుగా మెత్తగా ఊడి వస్తుంది. మిగిలిన ముక్కలను బ్రష్‌తో దులిపేయవచ్చు. ఆ పని ఆవిడ ఇంట్లోనే చేసుకొచ్చారు.

విప్పిన బట్టను తడిపి, పలచటి బియ్యపు గంజి పెట్టి, ఇంకా కొద్దిగా తడిగా ఉండగానే ఇస్త్రీ చేశాను. సూది రంధ్రాలు చాలావరకు మూసుకుపోయాయి. గంజి వల్ల ఇంకో లాభం కూడా ఉంది. ఏళ్ల తరబడి ఉతికిన నూలు చీర చేతిలో పట్టుకుంటే ఎటు పడితే అటు సాగుతుంది. గంజి పట్టాక అది కాగితంలా నిలబడి కొలతకు లొంగుతుంది. బొంత మొత్తం పూర్తయ్యాక ఉతికితే గంజి పోతుంది, చీర మెత్తదనం తిరిగి వస్తుంది.

చీరను వెలుతురుకు అడ్డంగా పట్టుకుని మడతల దగ్గర చివికిన చోట్లు కూడా చూశాను. బీరువాలో ఏళ్లుగా ఒకే మడతలో ఉన్న చీర ఆ మడత వెంటే ముందు పోతుంది. అలాంటివి రెండు చోట్ల కనిపిస్తే అక్కడ వెనక పలచటి మల్లు గుడ్డ వేసి పట్టాను. మంగళగిరి చీరల జరీ అంచులు కోసి ఆవిడకే ఇచ్చేశాను. జరీ మీద సూది పదేపదే పడితే జరీ తెగుతుంది, సూదీ మొద్దుబారుతుంది.

లోపలి పాలిస్టర్ షీట్ మార్చమన్నాను. మెత్తగా పొంగే షీట్ ఎంత మందంగా ఉంటే పొరలు అంత జారతాయి. సూదులతో గుచ్చి చదును చేసిన పలచటి దూది షీట్ నూలు చీరను పట్టుకుని ఉంటుంది, జారనివ్వదు. ఇది ఉతికితే సాధారణంగా 3 నుంచి 5 శాతం దాకా తగ్గుతుంది కాబట్టి, 60×90 అంగుళాల బొంత కావాలంటే పైబట్టను 63×94కు పెంచాను. అడుగుబట్ట నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి, అంటే 71×102. ఐదున్నర మీటర్ల చీర పొడవు సుమారు 216 అంగుళాలు. 102 అంగుళాల చొప్పున రెండు ముక్కలు కోసి పక్కపక్కన అతికితే జరీ అంచులు తీసేసినా వెడల్పు సరిపోతుంది. ఒక్క చీరలో అడుగుబట్ట మొత్తం వచ్చేస్తుంది.

నేసిన గళ్ల మీద కుట్టు గళ్లు

ఇక్కడ ఆవిడకూ నాకూ కాసేపు చర్చ జరిగింది. గళ్ల చీర కాబట్టి ఈసారి ఆ గళ్ల వెంటే కుడితే గీత గీయాల్సిన పనే ఉండదని ఆవిడ అనుకున్నారు. వినడానికి సబబుగానే ఉంటుంది. చేనేత చీర మీద మాత్రం అది పనికిరాదు.

స్కేలు పెట్టి చూపించాను. చీర వెడల్పు వైపు పది గళ్లు కొలిస్తే ఏడున్నర అంగుళాలు. ఇంకో రెండు చోట్ల కొలిచినా దాదాపు అంతే. పడుగు పోగులు (పొడవునా పోయేవి) మగ్గం మీద పన్నెలో, అంటే దువ్వెనలాంటి చట్రంలో, లెక్క ప్రకారం కూర్చుంటాయి కాబట్టి వెడల్పులో తేడా పెద్దగా రాదు. పొడవు వైపు కొలిస్తే ఒక చోట ఏడుంపావు, ఒక చోట ఏడున్నర, కొంగు దగ్గర ఏడు ముప్పావు. అడ్డంగా పోయే పేక పోగును పన్నెతో కొట్టే దెబ్బ ఉదయం ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. నేతగాడి చేయి బట్టలో ఉంటుందంటే ఇదే. దాని మీద ఏళ్ల తరబడి పడ్డ ఉతుకులు, పిండుళ్లు. ఆ గడి ఇప్పుడు చతురస్రం కాదు, గడి గీత సరళరేఖ కూడా కాదు. చేనేతలో ఇది లోపం కానే కాదు. దాన్ని స్కేలుగా వాడుకోవడమే కుదరదు.

నేసిన గీతను వదిలేసి దానికి సమాంతరంగా నిక్కచ్చిగా కుడితే ఇంకా కష్టం. కుట్టు గీత ఒక చివర నేసిన గీతకు రెండు మిల్లీమీటర్ల దూరంలో, ఇంకో చివర ఐదు మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, కుట్టు ఎంత సూటిగా ఉన్నా కంటికి వంకరగానే కనిపిస్తుంది. పక్కపక్కనే నడిచే రెండు గీతల మధ్య తేడాను కన్ను వెంటనే పట్టేస్తుంది.

అందుకే ఐమూలగా కుడదామన్నాను. 45 డిగ్రీల కోణంలో, రెండంగుళాల ఎడంతో, రెండు వైపుల నుంచీ. అప్పుడు ప్రతి కుట్టు గీతా నేసిన గీతలను ఏటవాలుగా కోసుకుంటూ పోతుంది. ఏ రెండూ పక్కపక్కన నడవవు కాబట్టి పోల్చి చూడటానికి కంటికి ఆధారం ఉండదు. గడి మూలలను వెతుక్కుంటూ కుట్టకూడదు, అలా కుడితే మళ్లీ గడిలోని వంకర కుట్టులోకి వస్తుంది.

ఐమూలకు ఒక చిక్కుంది. దర్జీలు క్రాస్ అనే ఆ దిశలోనే బట్ట ఎక్కువ సాగుతుంది. అందుకని ఐమూల గీతలు మొదలుపెట్టక ముందే గళ్ల ముక్క చుట్టూ ఉన్న అతుకు గాడిలో నిలువుగా, అడ్డంగా ఒక చుట్టు కుట్టేశాను. ఈ కుట్టు పోగు వెంట వెళ్తుంది కాబట్టి సాగదు, మధ్య భాగాన్ని కదలకుండా పట్టుకుంటుంది.

గీయడం

63×94 బట్ట మీద 45 డిగ్రీల గీత మధ్యలో 89 అంగుళాల పొడవుంటుంది. 24 అంగుళాల స్కేలును నాలుగుసార్లు జరిపి అంత గీత గీస్తే ప్రతి అతుకు దగ్గరా కొద్దిగా కోణం మారుతుంది. నేను వాడేది ప్లాస్టరింగ్ మేస్త్రీలు గోడ చదును చేయడానికి వాడే అల్యూమినియం బద్ద. ఎనిమిది అడుగులది హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. కొనేటప్పుడు ఒక చివర కన్ను పెట్టి సూటిగా ఉన్నదాన్ని ఏరుకోవాలి. అల్యూమినియం బట్టకు బూడిదరంగు మరక పూస్తుంది, కాబట్టి దాని అంచుల వెంట టేపు అంటించి వాడతాను.

కోణం కోసం బట్ట అంచును నమ్మను. ముందు నిలువు, అడ్డ మధ్య గీతలు గీసి, అవి లంబంగా ఉన్నాయో లేదో మేస్త్రీలు ఇంటి మూల చూసే లెక్కతోనే చూశాను. మధ్యబిందువు నుంచి ఒక గీత మీద 18, రెండో గీత మీద 24 అంగుళాలు కొలిస్తే ఆ రెండు చుక్కల మధ్య దూరం సరిగ్గా 30 రావాలి. తర్వాత మధ్యబిందువు నుంచి నాలుగు వైపులా 30 అంగుళాలు తీసుకుని 60 అంగుళాల చతురస్రం గీశాను. దాని రెండు కర్ణాలూ సమానంగా, 85 అంగుళాలకు ఒక పిసరు తక్కువగా వచ్చాయి. ఆ కర్ణాలే నా రెండు మూల గీతలు. మిగతా గీతలన్నీ వీటి నుంచి కొలిచినవే.

ఎడం కొలిచేటప్పుడు చాలామంది పొరపడే చోటు ఒకటుంది. ఐమూల గీతల మధ్య రెండంగుళాలు కావాలంటే అంచు మీద రెండంగుళాలకో చుక్క పెట్టకూడదు. అలా పెడితే గీతల మధ్య మిగిలేది ఒకటింబావు, ఒకటిన్నర మధ్యలో ఉంటుంది. అంచు మీద 2.83 అంగుళాలు ఉండాలి. నేను మొదట గీసినవి ఎనిమిది అంగుళాల ఎడంతో ఉన్నవి మాత్రమే, వాటికి మధ్య గీత మీద 11.3 అంగుళాలు. టేపు మీద అది పట్టుకోవడం కష్టం కాబట్టి సెంటీమీటర్ల వైపు తిప్పి 28.7, 57.5, 86.2 అని గుర్తులు పెట్టాను. ప్రతిదీ మధ్యబిందువు నుంచే కొలవాలి. ముందు చుక్క నుంచి తర్వాతి చుక్కకు కొలిస్తే మళ్లీ అదే గొలుసులో పడతాం.

ఇక దేనితో గీయాలన్న ప్రశ్న. ముదురు నీలం మీద ఎండిన పలచటి సబ్బు ముక్కే నాకు మంచిదనిపిస్తుంది. తెల్లగా కనిపిస్తుంది, ఉతికితే పోతుంది. నూనె ఎక్కువున్న సబ్బు మాత్రం వద్దు, మరక మిగులుతుంది. గళ్ల ముక్క మీద సబ్బు గీత గళ్లలో కలిసిపోయింది, అక్కడ మాస్కింగ్ టేపు అంటించి దాని అంచు వెంట కుట్టాను. మన ఎండలకు టేపు రాత్రంతా బట్ట మీద వదిలేస్తే జిగురు దిగుతుంది, కుట్టిన వెంటనే పీకేయాలి. నీళ్లకు పోయే నీలం పెన్ను ఈ చీరలకు వద్దనుకున్నాను. పాత రంగుల మీద మధ్యమధ్యలో తడి పెట్టడం మంచిది కాదు, పైగా గీత ఉండగా పొరపాటున ఇస్త్రీ తగిలితే ఆ సిరా బట్టలో ఉండిపోవచ్చు. ఇస్త్రీ వేడికి మాయమయ్యే పెన్నులు కూడా వస్తున్నాయి. ఆ సిరా పోదు, కనిపించకుండా పోతుందంతే. గడ్డకట్టే చలి తగిలితే మళ్లీ బయటపడుతుంది. అమెరికాలో ఉన్న పిల్లలకు పంపే బొంతల మీద ఇది అస్సలు వాడొద్దని అందరికీ చెబుతాను.

పొరలు కలపడం

అడుగుబట్టను నేల మీద తలకిందులుగా పరిచి నాలుగు వైపులా టేపుతో నేలకు అంటించాను. ముడత లేకుండా ఉండాలి, లాగినట్టు మాత్రం ఉండకూడదు. లాగి అంటిస్తే టేపు తీయగానే వెనక్కు ముడుచుకుని పైబట్టను కూడా ముడుస్తుంది. దాని మీద దూది షీట్, ఆపైన పైబట్ట. మధ్యలో నుంచి మొదలుపెట్టి బయటికి, పిడికిలికో పిన్నీసు చొప్పున పెట్టాను. ఆవిడ మొదట పెట్టింది అడుగుకో పిన్నీసు. ఆ అడుగు మధ్యలో బట్టకు తిరగడానికి కావలసినంత చోటు. పిన్నీసులు గీతల మీద పడకుండా గళ్ల నడుమ పెడితే కుట్టేటప్పుడు ఆగి ఆగి తీయాల్సిన పని ఉండదు. కొత్తవి, తుప్పు లేనివి వాడాలి.

కుట్టే వరుస

సూది సైజు 90/14. కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు. పైదారం టెన్షన్ కొద్దిగా తగ్గించాను, ఫుట్ నొక్కుడు కూడా తగ్గించాను. నూలు చీరకు నూలు దారమే వాడాను. పాలిస్టర్ దారంతో కుట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, గట్టిగానే ఉంటుంది. నాకు మాత్రం బట్టా దారమూ కలిసి పాతబడటం ఇష్టం. రెండు వైపులా 55 గీతల చొప్పున మొత్తం 110 గీతలు, సుమారు 150 మీటర్ల కుట్టు. పైదారం, బాబిన్ దారం కలిపి దాదాపు 400 మీటర్లు పడుతుంది. పొడవాటి గీత మొదలుపెట్టేముందు బాబిన్ చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. గీత మధ్యలో దారం అయిపోతే అతుకు ఎంత నేర్పుగా వేసినా దగ్గర నుంచి తెలుస్తుంది.

మొదట మధ్యలో ఉన్న రెండు మూల గీతలు. తర్వాత ఎనిమిది అంగుళాల ఎడంతో ఉన్నవన్నీ ఒక వైపువి, ఆ తర్వాత రెండో వైపువి. ఇవి పూర్తయితే బొంత మొత్తం ఎనిమిదేసి అంగుళాల డైమండ్లుగా బిగుసుకుంటుంది. ఎనిమిది ఎంచుకున్నది ఊరికే కాదు. ఎనిమిదిని సగం చేస్తే నాలుగు, నాలుగును సగం చేస్తే రెండు. ప్రతిసారీ కుట్టిన రెండు గీతల నడిమధ్యన ఒక గీత వేసుకుంటూ పోతే, ఏ తప్పూ తన డైమండ్ దాటి బయటికి పోలేదు. ఈ నాలుగంగుళాల, రెండంగుళాల గీతలకు ముందుగా గుర్తులు పెట్టలేదు. నాలుగంగుళాలవి టేపుతో, చివరి రెండంగుళాలవి గైడ్ కడ్డీతోనే కుట్టాను. గైడ్ కడ్డీ చెడ్డది కాదు. ఒక చివర నుంచి ఇంకో చివర దాకా దాని మీదే ఆధారపడితే మోసం చేస్తుంది. రెండు వైపులా కుట్టు ఉన్న నాలుగంగుళాల సందులో ఒక్క గీత వేయడానికి దానికంటే సులువైనది లేదు.

దిశ విషయానికొస్తే, అన్ని గీతలూ ఒకే అంచు నుంచి మొదలుపెట్టడం అందరూ చెప్పే మాట. ఇంటి మిషన్‌లో అది మొత్తంగా కుదరదు. సూదికీ మిషన్ ఒంటికీ మధ్య ఉన్న జానెడు కూడా లేని సందులో బొంత చుట్ట ఇమడాలి. నేను చేసేదేమిటంటే, మధ్య గీత నుంచి కుడి వైపుకు ఒక్కో గీతే జరుగుతూ అన్నీ పై నుంచి కిందికి కుడతాను. అలా జరిగే కొద్దీ సందులో చుట్ట తగ్గుతూ పోతుంది. కుడి సగం అయ్యాక బొంతను పూర్తిగా తిప్పి రెండో సగం కూడా మధ్య నుంచి కుడికే. ఇలా చేస్తే ఎదురెదురు దిశల్లో కుట్టిన పక్కపక్క గీతలు మధ్య గీత దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండవు. అక్కడ ఆ తోపును పిన్నీసులు ఆపుతాయి.

బొంత బరువు కూడా గీతను వంచుతుంది. బల్ల అంచు దాటి వేలాడే బట్ట సూది దగ్గర గీతను తన వైపు లాక్కుంటుంది. మిషన్ ఎడమ పక్కన, వెనక పక్కన మిషన్ మట్టానికే బల్లలు వేసి బరువంతా వాటి మీద ఉండేలా చూశాను. కుట్టేటప్పుడు సూదిని చూడకూడదు, ఫుట్‌కు రెండంగుళాల ముందున్న గీతను చూడాలి. చేతులతో బట్టను తోయకూడదు, వెనక నుంచి లాగకూడదు. రెండు అరచేతులూ గీతకు అటూ ఇటూ ఆనించి ఉంచితే చాలు, నడిపే పని వాకింగ్ ఫుట్ చూసుకుంటుంది.

క్రాసింగ్ దగ్గరకు వచ్చేముందు వేగం తగ్గించి, ఫుట్ ముందు బట్ట లేస్తుందేమో చూడాలి. కొద్దిగా లేస్తే సూదిని బట్టలో దింపి, ఫుట్ ఎత్తి, వేలితో చదును చేసి, ఫుట్ దించి ముందుకు పోవచ్చు. మొదటి ఎనిమిదంగుళాల గీతల్లో గళ్ల ముక్కకు ఒక మూలన అంతకంటే ఎక్కువే లేచింది. దాన్ని తొక్కుకుంటూ పోతే మడత ఖాయం. వెనకటి క్రాసింగ్ దాకా కుట్టు విప్పి, ఆ ఎనిమిది అంగుళాల్లో అంగుళానికో గుండుసూది అడ్డంగా పెట్టి, మిగులు బట్టను సమంగా పంచి మళ్లీ కుట్టాను. సూదులు ఒక్కొక్కటే తీస్తూ నెమ్మదిగా కుట్టాలి. ఆ చోటు ఇప్పుడు వేలితో తడిమినా తెలియదు.

గీతలన్నీ పైబట్ట దాటి బయట మిగిలిన షీట్ మీద మొదలై, అవతల షీట్ మీదే ముగిశాయి. కాబట్టి ఎక్కడా ముడి వేయాల్సిన పని లేదు, వెనక్కు కుట్టాల్సిన పని లేదు. వాకింగ్ ఫుట్ వెనక్కు సరిగా నడవదు కూడా. అంచులు కోసి పట్టీ వేస్తే దారాల చివరలన్నీ అందులోకి వెళ్లిపోతాయి.

ఫలితం

కుట్టు పూర్తయ్యాక వెడల్పు ఒక అంగుళం, పొడవు అంగుళంన్నర దాకా తగ్గింది. కుట్టు బిగువుకు ఇంతమాత్రం తగ్గడం మామూలే. మధ్య గీత నుంచి ఒక పక్క ఐదో ఎనిమిదంగుళాల గీతకు 40 అంగుళాలు రావాలి. ఆ తగ్గుదల కలుపుకుని చూస్తే పై చివర 39 పావు, నడుమ 39 పావు, కింద 39 పావుకు ఒక దారం తక్కువ. గీతలు సమాంతరంగా ఉన్నాయి. మొత్తం ఒకే తీరున తగ్గింది కాబట్టి గడి ఆకారం మారలేదు. చల్లటి నీళ్లలో ఉతికి, నీడలో పరిచి ఆరేశాక బొంత 60×90కి వేలెడు అటూ ఇటూగా తేలింది. ఉతికాక దూది షీట్ దగ్గరపడి ప్రతి గడీ కొద్దిగా ఉబ్బింది. గంజి వాసన పోయింది.

అడుగు వైపు, మంగళగిరి చీర రెండు ముక్కల అతుకు మీద ఒక చోట చిన్న నొక్కు మిగిలింది. అతుకు కుట్టు దళసరిగా ఉన్న చోట వాకింగ్ ఫుట్ కూడా కొద్దిగా తడబడుతుంది. ఇప్పుడైతే ఆ అతుకును ఒక పక్కకు మడవకుండా రెండు పక్కలకూ విప్పి ఇస్త్రీ చేయమని చెబుతున్నాను. అతుకు దగ్గర అదనపు దళసరి సగానికి తగ్గుతుంది.

నా దగ్గర చిన్నప్పటి చేతి బొంతలు ఇంకా ఉన్నాయి. వాటి మీద స్కేలు పెట్టి గీసిన గీత ఒక్కటి కూడా లేదు, అయినా ఎక్కడా మడత లేదు. చేతి సూది పొరలను తోయదు, గుచ్చి పైకి తీస్తుంది. నేల మీద పరిచిన బొంత కదలకుండా ఉంటే, దాని చుట్టూ మనిషే కదిలేది. మిషన్ మీద బొంత కదలక తప్పదు. పిన్నీసులు, వాకింగ్ ఫుట్, కుట్టే వరుస అన్నీ ఆ కదలికను ఆపడానికే.

ఆవిడ తన మిషన్‌కు సరిపోయే వాకింగ్ ఫుట్ కొనుక్కున్నారు. కొనేముందు మిషన్‌కు ఫుట్ బిగించే కాడ పొట్టిదా (లో షాంక్), పొడవుదా (హై షాంక్) అన్నది చూసుకోవాలి, ఒకదానిది రెండోదానికి కూర్చోదు. కోసిచ్చిన జరీ అంచులను పక్కన పెట్టి, మిగిలిన నీలం చీరతో దిండు గలీబులు మొదలుపెట్టారు. గీతలు ఈసారి నాలుగంగుళాల నుంచి మొదలుపెట్టి సగం చేసుకుంటూ వస్తున్నారు. మొన్న ఫోన్ చేసి, రెండో గలీబు మూలల దగ్గర ఫుట్ ముందు బట్ట లేస్తోందని అడిగితే, పిన్నీసులు ఇంకా దగ్గరగా పెట్టి, ఫుట్ నొక్కుడు మరికొంత తగ్గించి చూడమని చెప్పాను.